కుక్కపిల్ల రాత్రి పడుకోవడం లేదా? కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కపిల్లను తెచ్చుకున్న రోజు పగలంతా ఇంట్లో ఒకటే సందడి. రాత్రి లైట్లు ఆపాక అసలు సంగతి తెలుస్తుంది. మా కుక్కపిల్ల కాటుక వచ్చిన రాత్రి నేను నాలుగుసార్లు లేచాననుకున్నాను. పక్కగదిలోవాళ్ళ లెక్కలో ఏడు. అప్పట్నుంచి, కొత్తగా పిల్లను తెచ్చుకున్నవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఎక్కువగా 8 నుంచి 16 వారాల వయసు పిల్లల గురించి రాశాను. 8 వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేసిన పిల్లయితే ఈ కష్టాలన్నీ ఇంకాస్త ఎక్కువే ఉంటాయి.

పగలంతా బాగానే ఆడింది. రాత్రి కాగానే ఎందుకంత ఏడుపు?

నిన్న రాత్రి వరకు అది ఒంటరిగా పడుకుని ఎరగదు. తల్లి పొట్టకి ఆనుకుని, తోబుట్టువుల మీద పడి, ఒకదాని వీపు మీద ఇంకోటి గడ్డం పెట్టుకుని కుప్పగా పడుకునేవి. పుట్టిన మొదటి వారాల్లో కుక్కపిల్లలు ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేవు. ఆ కుప్పే వాటికి దుప్పటి. అలాంటిది ఒక్కసారిగా వాసనలు కొత్త, చప్పుళ్ళు కొత్త, పక్కన ఎవరూ లేరు. పగలు మీరంతా చుట్టూ ఉన్నారు కాబట్టి ఆ లోటు తెలియలేదు. చీకట్లో తలుపు మూసుకున్నాక తెలిసింది. తప్పిపోయిన పిల్ల తల్లిని పిలిచే పిలుపే ఈ ఏడుపు.

1977లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒంటరిగా ఉంచిన కుక్కపిల్లల దగ్గర ఏది పెడితే అరుపులు తగ్గుతాయో ఒక్కొక్కటే పెట్టి చూశారు. తిండి పెట్టినా లాభం లేకపోయింది. మెత్తటి వస్తువులు కొంత ఊరటనిచ్చాయి. అన్నిటికంటే బాగా పనిచేసింది పక్కన మనిషి ఉండటం. అర్ధరాత్రి బిస్కెట్ డబ్బా తెరవాలనిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఏడ్చినప్పుడల్లా వెళ్తే అదే అలవాటైపోదా? వదిలేస్తే రెండ్రోజుల్లో అదే మానేస్తుందంటారు కదా?

ఈ సలహా ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు మోసుకొస్తారు. నాకూ ఇచ్చారు, నేనూ మొదటి రాత్రి ఒక గంట పాటించాను. ఆ గంటలో కాటుక గొంతు బొంగురుపోయింది, క్రేట్ (కుక్కను పడుకోబెట్టే కమ్మీల పెట్టె) తలుపు గీరి గీరి ఒక గోరు చివర నెత్తురు వచ్చింది.

వదిలేస్తే మానేస్తుందన్నది అబద్ధమేమీ కాదు, మానేస్తుంది. కానీ ధైర్యం వచ్చి కాదు, అలిసిపోయి. ఎవరూ రారని తెలుసుకుంటుంది. ఒంటరిగా ఉండటమంటేనే హడలిపోయే కుక్కగా పెరిగే ప్రమాదం కూడా ఉంది. రేపు మీరు ఒక గంట బయటికెళ్ళినా ఇల్లు పీకి పందిరేస్తుంది.

అలాగని చిన్న చప్పుడుకే ఉలిక్కిపడి ఎత్తుకోవాల్సిన పని లేదు. రెండు రకాల ఏడుపులుంటాయి, నాలుగు రోజులు వింటే తేడా మీకే తెలుస్తుంది. ఒకటి సణుగుడు: చిన్నగా కుయ్‌మంటుంది, ఆగుతుంది, పక్క సర్దుకుంటుంది, మళ్ళీ ఒకసారి మూలుగుతుంది. దీనికి ఒకట్రెండు నిమిషాలు ఆగండి, చాలాసార్లు అదే సర్దుకుని పడుకుంటుంది. రెండోది ఆగకుండా పెరిగేది: గొంతు పైకి వెళ్తుంది, వగరుస్తుంది, తలుపు గీరుతుంది, చొంగ కారుస్తుంది. అప్పుడు ఆలస్యం చేయొద్దు. వెళ్ళి పక్కన కూర్చోండి, నెమ్మదిగా మాట్లాడండి, చెయ్యి వేయండి. ఆట మాత్రం ఆడొద్దు. భయపడినప్పుడు తోడు దొరికిన పిల్ల మొండిదైపోదు. తోడు ఉందన్న నమ్మకం కుదిరాకే దూరంగా పడుకోగలుగుతుంది.

ఎక్కడ పడుకోబెట్టాలి?

మీరు పడుకునే గదిలో, మీ చెయ్యి అందేంత దగ్గరలో. వంటగదిలోనో వరండాలోనో పడుకోవాలని మీరు అనుకున్నా సరే, మొదలు మాత్రం ఇక్కడే. ఏడెనిమిది రాత్రులు ప్రశాంతంగా గడిచాక దాని పక్కను మంచం నుంచి ఒక అడుగు జరపండి. రెండు మూడు రాత్రులు చూసి ఇంకో అడుగు. గది గుమ్మం దాకా వచ్చాక కొన్నాళ్ళు ఆగి బయటికి మార్చండి. ఎక్కడైనా మళ్ళీ ఏడుపు మొదలైతే ఒక అడుగు వెనక్కి తెచ్చుకోండి.

గదిలోకి రానివ్వడం మీకు ససేమిరా ఇష్టం లేకపోతే ఇంకో దారుంది. మీరే ఒక వారం దాని దగ్గర పరుపు వేసుకుని పడుకోండి. నడుము పట్టేస్తుంది, కానీ పని జరుగుతుంది.

క్రేట్ అంటే పంజరమే కదా. పాపం కాదా?

తెచ్చిన రోజే లోపలికి తోసి గడి పెడితే పంజరమే. అలవాటు చేస్తే సొంత గది. కుక్కలకు పైన కప్పు, మూడు వైపులా గోడ ఉన్న చోటు సహజంగానే నచ్చుతుంది. మంచం కింద, బల్ల కింద దూరి పడుకునేది అందుకే.

సైజు ముఖ్యం. నిలబడగలగాలి, ఒక చుట్టు తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. అంతకంటే పెద్దదైతే ఒక మూల తడిపి ఇంకో మూల హాయిగా పడుకుంటుంది. పెద్ద జాతి పిల్లకి పెద్ద క్రేట్ ముందే కొన్నట్టయితే మధ్యలో అడ్డు పెట్టండి. మొదట్లో పగటిపూట తలుపు తీసే ఉంచి, తిండి లోపలే పెట్టండి. తింటున్నప్పుడు తలుపు మూసి, తినగానే తీయండి. తర్వాత అర నిమిషం, రెండు నిమిషాలు, పది నిమిషాలు. తప్పు చేసినప్పుడు శిక్షగా అందులో పెట్టొద్దు. లోపలికి పంపేటప్పుడు మెడ బెల్టు తీసేయండి. కమ్మీల్లో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ చేసేంత టైమ్ లేకుండానే మొదటి రాత్రి వచ్చేస్తుంది కదా అంటారు, నిజమే. ఆ రాత్రికి ఎత్తైన అట్టపెట్టె చాలు, కాకపోతే మంచం పక్కన ఉండాలి. పాకి బయటికి వచ్చినా మీకు వినపడుతుంది.

కాటుక మూడో రాత్రి సంగతి చెప్తాను. రెండు దాటాక కుయ్‌మంది. లేవకుండానే చెయ్యి కిందికి జారవిడిచి క్రేట్ కమ్మీల మధ్య రెండు వేళ్ళు పెట్టాను. తడిముక్కు తగిలింది. వాసన చూసింది, ఒకసారి నాకింది, తర్వాత ఆ వేళ్ళ మీదే గడ్డం ఆనించి పొట్ట అంతా కదిలేలా ఒక నిట్టూర్పు వదిలింది. అరగంటకి నా చెయ్యి తిమ్మిరెక్కింది, తీయడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. ఆ రాత్రి మళ్ళీ ఐదున్నరకి గానీ లేవలేదు.

ఇంటికి ఏ టైమ్‌కి తెచ్చుకుంటే మంచిది?

పొద్దున్నే. చీకటి పడేలోపు ఇల్లంతా వాసన చూసి, రెండు మూడు సార్లు తిని, రెండు కునుకులు తీయడానికి టైమ్ దొరుకుతుంది. తెచ్చేటప్పుడు తల్లి, తోబుట్టువులు పడుకున్న గుడ్డ ఒకటి అడిగి తెచ్చుకోండి. ఉతకొద్దు, ఆ వాసనే దాని విలువ. మొదటి రోజు చుట్టాలనూ స్నేహితులనూ పిలవకండి. పదిమంది చేతులు మారిన పిల్ల రాత్రికి అలిసి పడుకుంటుందనుకుంటారు, హడలిపోయి మేలుకుంటుంది.

రాత్రి ఎన్నిసార్లు బయటికి తీసుకెళ్ళాలి?

పగటికి ఒక ఉజ్జాయింపు లెక్కుంది: నెలల్లో వయసుకి ఒకటి కలపండి, అన్ని గంటలు ఆపుకోగలదు. రెండు నెలల పిల్లకి మూడు గంటలన్నమాట. నిద్రలో ఇంకాస్త ఎక్కువ ఆగుతుంది. కాబట్టి 8 వారాల పిల్లకి రాత్రి ఒకటి రెండు ట్రిప్పులు తప్పవు. చిన్న జాతులకు ఇంకొకటి పడొచ్చు.

అది ఏడ్చేదాకా ఆగకుండా అలారం పెట్టుకోండి. పడుకున్న మూడు గంటలకి ఒకటి, మళ్ళీ మూడు గంటలకి ఒకటి. దీనివల్ల ఏడిస్తే తలుపు తెరుచుకుంటుందన్న లింకు పడదు, మీకూ ఈ క్షణమో మరుక్షణమో అన్న టెన్షన్ ఉండదు. పొడిగా ఉంటున్న కొద్దీ అలారాన్ని పావుగంట చొప్పున ఆలస్యంగా మోగేలా మార్చండి.

బయటికి వెళ్ళడం చప్పగా ఉండాలి. పెద్ద లైటు వేయొద్దు, కబుర్లొద్దు. ఎత్తుకుని రోజూ ఒకే చోటికి తీసుకెళ్ళి దించండి, ఎందుకంటే నడిపిస్తే దారిలోనే కానిచ్చేస్తుంది. పని కాగానే మెల్లగా ఒక మెచ్చుకోలు, నేరుగా పక్క మీదికి. ఐదు నిమిషాలైనా ఏమీ చేయకపోతే లోపలికి తెచ్చేయండి. టీకాల కోర్సు సాధారణంగా 16 వారాల దాకా సాగుతుంది. అంతవరకు ఊరికుక్కలు తిరిగే చోట దించొద్దు. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది.

క్రేట్‌లోనే తడిపేస్తోంది. ఏం చేయాలి?

తిట్టొద్దు, ముక్కు రుద్దొద్దు. అలా చేస్తే మీరు చూడని చోట పోయాలని నేర్చుకుంటుంది, అంతే. అలారం అరగంట ముందే మోగేలా పెట్టండి, అడ్డు జరిపి చోటు తగ్గించండి. తడిసిన చోటుని ఎంజైమ్ ఉన్న క్లీనర్‌తో కడగండి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడితే దాని ముక్కుకి అది ఉచ్చ వాసనలాగే ఉంటుంది, మళ్ళీ అక్కడే పోస్తుంది. ఇన్ని చేసినా గంటకోసారి కొంచెం కొంచెంగా పోస్తుంటే, ముఖ్యంగా ఆడపిల్లైతే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెట్‌కి (పశువుల డాక్టర్‌కి) చూపించండి.

ఆకలికి ఏడుస్తోందేమో? నీళ్ళు తీసేయాలా?

చివరి తిండికీ నిద్రకీ మధ్య మూడు గంటలుంటే దొడ్డికి వెళ్ళడం కూడా పూర్తయ్యాకే పడుకుంటుంది. పగలు మూడు నాలుగు సార్లు సరిగ్గా తింటున్న పిల్లకి అర్ధరాత్రి ఆకలి మామూలుగా వేయదు. నీళ్ళగిన్నె పడుకునే గంట ముందు తీయొచ్చు. కానీ వేడి రోజుల్లో, విరేచనాలున్నప్పుడు తీయొద్దు.

చివావా, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి బుల్లి జాతుల సంగతి వేరు. ఎక్కువ గంటలు కడుపు ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. వణకడం, తూలడం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే చిగుళ్ళకి కాస్త తేనెగానీ చక్కెర నీళ్ళుగానీ రుద్ది వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. అలాంటి పిల్లలకు పడుకునే ముందు కొంచెం తిండి పెట్టే విషయం ముందే అడిగి తెలుసుకోండి.

రాత్రి ఎనిమిదయ్యేసరికి పూనకం వచ్చినట్టు పరుగులు, చేతులు కొరకడం. ఇంకా ఆడిస్తే అలిసి పడుకుంటుందా?

నన్నడిగితే, రాత్రి నిద్ర సగం చెడేది ఇక్కడే. కుక్కపిల్లకి రోజుకి 18 నుంచి 20 గంటల నిద్ర కావాలి. మనమేమో పగలంతా ఎత్తుకుని, ఆడించి, వచ్చినవాళ్ళందరికీ చూపించి, అది కన్ను మూసినప్పుడల్లా ముద్దొస్తోందని లేపుతాం. సాయంత్రానికి దాని పరిస్థితి నిద్ర ముంచుకొచ్చినా పడుకోని చంటిపిల్లాడిలా అవుతుంది. సోఫా చుట్టూ గిరగిరా పరుగులు, ప్యాంటు అంచులు పట్టి లాగడం, సూదుల్లాంటి పళ్ళతో కొరకడం. అల్లరి ఎక్కువైందని మనం ఇంకో అరగంట బంతి విసురుతాం. మంటమీద నూనె పోసినట్టే.

పగలు ఒక గంట మెలకువ, తర్వాత ఒకట్రెండు గంటల నిద్ర అనే లెక్కన నడపండి. మెలకువగా ఉన్న గంటలోనే తిండి, బయటికెళ్ళడం, కాసేపు ఆట. తర్వాత క్రేట్‌లోనో మూలనున్న పక్క మీదో పడుకోబెట్టి ఎవరూ కదిలించొద్దు. పిల్లలున్న ఇంట్లో ఇది కష్టమే. మా ఇంట్లో క్రేట్ మీద దుప్పటి కప్పి ఉంటే ముట్టుకోకూడదని రూలు పెట్టాం. మొదటి రోజు ముప్ఫైసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది. సాయంత్రం ఐదున్నరకి ఒక మంచి కునుకు పడితే ఎనిమిది గంటల పూనకం సగానికి తగ్గుతుంది. అప్పటికీ వస్తే గొంతు పెంచకుండా, నమలడానికి ఏదైనా బొమ్మ ఇచ్చి లైటు తగ్గించండి. నమలడం, నాకడం కుక్కల్ని నెమ్మదింపజేస్తాయి.

మంచం మీద పడుకోబెట్టుకోవచ్చా?

పాపమేమీ లేదు. కానీ చిన్న పిల్ల మంచం మీంచి దూకితే ఎముక విరగొచ్చు, నిద్రలో మీరు దానిమీదికి దొర్లొచ్చు, పరుపు కూడా తడుస్తుంది. ఇంకో మాట: 3 కిలోల పిల్లకి ఇచ్చిన దిండుని 30 కిలోల కుక్క దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేరు. పెద్దయ్యాక కూడా సరే అనుకుంటేనే మొదలుపెట్టండి. ఆపుకోవడం వచ్చాక పిలుచుకున్నా ఆలస్యమేమీ కాదు.

వేడినీళ్ళ సంచి, టిక్‌టిక్ గడియారం, రేడియో పనిచేస్తాయా?

వెచ్చదనం పనిచేస్తుంది. వేడి ఒంటికి తగలకుండా మందపాటి తువ్వాలు చుట్టి, పక్కలో ఒక వైపే పెట్టండి, ఉక్కపోస్తే అది పక్కకి జరగగలగాలి. కొరికే పిల్లయితే రబ్బరు సంచి వద్దు. గుండె కొట్టుకున్నట్టు చప్పుడు చేసే బొమ్మలు, గడియారం కొన్నిటికి నచ్చుతాయి, కొన్ని పట్టించుకోవు. ఫ్యాను చప్పుడు మాత్రం వీధి శబ్దాల్ని మింగేస్తుంది కాబట్టి ఉపయోగమే. పాలిచ్చే తల్లికుక్క పొట్ట దగ్గర పుట్టే వాసన పదార్థానికి నకలు ప్లగ్‌లో పెట్టుకునే రూపంలో దొరుకుతుంది. కొన్ని పిల్లల్లో ఏడుపు తగ్గించింది. మీ పాత బనియను కూడా మరవకండి, కాటుకకి అన్నిటికంటే నచ్చింది అదే.

కొంచెం దగ్గు సిరప్‌గానీ నిద్రమాత్రగానీ వేస్తే?

వద్దు. మనుషుల మందు చిటికెడు కూడా వద్దు. ఐబుప్రోఫెన్ లాంటి మామూలు నొప్పిమాత్ర కుక్కలకు విషం, కొన్ని సిరప్‌లలో వాడే జైలిటాల్ తీపి అంతకంటే ప్రమాదం.

ఇంట్లో పెద్ద కుక్క ఉంది. రెండింటినీ కలిపి పడుకోబెట్టనా?

మొదటి వారాల్లో వద్దు. పెద్దదానికి విసుగొస్తే కసురుతుంది, తప్పించుకునే దారి చిన్నదానికి తెలియదు. ఒకే గదిలో వేర్వేరు పక్కలు చాలు, దాని ఊపిరి వినిపిస్తూ ఉండటమే చిన్నదానికి పెద్ద ధైర్యం.

రాత్రి బాగానే పడుకుంటోంది గానీ నాలుగున్నరకే లేచి కూర్చుంటోంది.

ఒకసారి బయటికి తీసుకెళ్ళి మళ్ళీ పడుకోబెట్టండి. లేవగానే తిండి పెట్టడం మానేయండి, లేకపోతే రేపు నాలుగూ ఇరవైకే గిన్నె కోసం లేస్తుంది. లేచాక అరగంట తర్వాత పెట్టండి. కిటికీలోంచి వెలుతురు పడుతుంటే ముదురు రంగు తెర వేయండి. నిజం చెప్పాలంటే 10 వారాల పిల్ల ఐదున్నర దాకా పడుకుంటే అది మంచి రాత్రే. మీరే కొన్నాళ్ళు తొందరగా పడుకోవడం మొదలుపెట్టండి.

అసలు ఎప్పటికి రాత్రంతా పడుకుంటుంది?

ఏడుపు మామూలుగా మొదటి వారంలోనే బాగా తగ్గుతుంది. 12 వారాలకి ఒక్క ట్రిప్పు సరిపోతుంది. 16 వారాలు వచ్చేసరికి చాలా పిల్లలు ఆరేడు గంటలు లేవకుండా పడుకుంటాయి. 4 నుంచి 6 నెలల మధ్య పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వస్తాయి, చిగుళ్ళు సలుపుతుంటే మళ్ళీ కొన్ని రాత్రులు చెడతాయి. తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన గుడ్డ నమలడానికిస్తే హాయిగా ఉంటుంది, మీ కళ్ళముందే నమలనివ్వండి.

బాగా పడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి లేవడం మొదలుపెడితే ఒళ్ళు బాగోలేదేమో చూడండి. విరేచనాలు, వాంతులు, తిండి మానేయడం, ఊపిరి కష్టంగా తీయడం, ముట్టుకుంటే అరవడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. టీకాలు పూర్తికాని పిల్లకి వాంతులు, విరేచనాలు కొన్ని గంటల్లోనే ప్రాణాంతకం కావచ్చు. పొట్ట ఉబ్బుగా, బొచ్చు నిర్జీవంగా ఉంటే నులిపురుగులు కావచ్చు, ఎన్నాళ్ళకోసారి మందు వేయాలో అడగండి.

నిద్రలో కాళ్ళు కొట్టుకుంటోంది, మూలుగుతోంది. లేపాలా?

లేపొద్దు. పిల్లలకు ఇది పెద్ద కుక్కల కంటే ఎక్కువే ఉంటుంది: కనురెప్పలు అదురుతాయి, పాదాలు పరుగెత్తినట్టు కదులుతాయి, మూతి మూసుకునే ఒక బుల్లి మొరుగు వినిపిస్తుంది. తట్టి లేపితే ఉలిక్కిపడి కొరకొచ్చు. మరీ కంగారుగా ఉంటే దూరం నుంచి పేరు పెట్టి పిలవండి. మూర్ఛ అయితే వేరేలా ఉంటుంది: ఒళ్ళంతా బిగుసుకుపోతుంది, పిలిచినా తెలివి ఉండదు, నురగ రావచ్చు, ఉచ్చ పోవచ్చు. అప్పుడు నోట్లో చెయ్యి పెట్టకుండా, చుట్టూ గట్టి వస్తువులు జరిపి, ఫోన్‌లో వీడియో తీసి వెంటనే డాక్టర్‌కి చూపించండి.